అడవి కాదు, పొలాలు: కరీబా పిక్నిక్‌కు వెళ్ళే మన తెలుగువాళ్ళకు బహిరంగ లేఖ

జాంబియాలో లుసాకా, కిట్వే, ఎండోలా, లివింగ్‌స్టన్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

జులై మొదటి వారంలో వచ్చే నాలుగు రోజుల సెలవులకు మళ్ళీ కరీబా సరస్సు ఒడ్డున ఉన్న సియావొంగా వెళ్దామని గ్రూపులో మెసేజ్ చూశాను. బస్సు ఎవరు మాట్లాడాలి, పులిహోర ఎవరు చేయాలి, తలా ఎన్ని క్వాచాలు వేసుకోవాలి, అన్నీ రాశారు. నేనూ వస్తున్నాను, పేరు రాసుకోండి. పులిహోర కూడా నాదే. అయితే వెళ్ళేముందు మీతో ఒక సంగతి మాట్లాడాలి. వాట్సాప్‌లో నాలుగు లైన్లలో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పోయినసారి కరీబా డ్యామ్ దగ్గర నిలబడి ఫోటోలు దిగుతున్నప్పుడు, మనలో ఒకరి బాబు, ఆరేడేళ్ళవాడు, "ఈ నీళ్ళ కింద ఏముంది?" అని అడిగాడు. వాళ్ళ నాన్న "ఏముంటుందిరా, అంతా జంగిలే" అన్నాడు. పక్కనే మన బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు, కానీ జంగిల్ అన్న మాట అర్థమైంది. మెల్లగా ఇంగ్లీషులో, "జంగిల్ కాదు సార్, పొలాలు" అన్నాడు. అంతే, వెళ్ళి బస్సు తుడుచుకున్నాడు. మూడేళ్ళుగా మనల్ని తిప్పుతున్న మనిషి. "బాస్" అని పిలుస్తాం తప్ప ఊరేదని ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. చోమాలో ఆరేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, వచ్చీరాని చిటొంగా భాషలో పిల్లల్ని కేకలేసిన దాన్ని, నేనే అడగలేదు. ఆ సాయంత్రం అడిగితే సినాజొంగ్వే అన్నాడు. టోంగా మనిషి.

టోంగా అనగానే కొందరికి పసిఫిక్‌లో ఉన్న దీవుల దేశం గుర్తొస్తుంది. మా తమ్ముడికైతే ఫోన్లో చెబితే "టాంగానా? జట్కా బండా?" అన్నాడు. ఆ దీవులకూ వీళ్ళకూ సంబంధం లేదు. మలావీలో, మొజాంబిక్‌లో కూడా టోంగా పేరున్న జనం ఉన్నారు, వాళ్ళ భాషలు వేరు. నేను చెప్పేది మన చుట్టూ ఉన్నవాళ్ళ గురించి. లుసాకా నుంచి లివింగ్‌స్టన్‌కు కారులో వెళ్తే మజబుకా, మోంజే, చోమా, కలోమో అని వరసగా ఊళ్ళు వస్తాయే, అది పీఠభూమి టోంగాల నేల. అక్కడి నుంచి తూర్పుకు కొండలు దిగితే గ్వెంబె లోయ. అక్కడివాళ్ళు లోయ టోంగాలు. జాంబెజి నది దాటితే జింబాబ్వే వైపు బింగాలోనూ వాళ్ళే. ఒక మనిషైతే ముటొంగా, పదిమందైతే బటొంగా, మాట చిటొంగా. ముందు అక్షరం మారిస్తే అర్థం మారిపోతుంది. ఈ భాష చేరిన బంటూ కుటుంబంలో దాదాపు అన్ని భాషలకూ ఇదే పద్ధతి. అసలు బంటూ అంటేనే మనుషులు, ఒక్కరైతే ముంటూ.

జాంబియాలో ఇంగ్లీషు కాకుండా బళ్ళలో, రేడియోలో వాడటానికి గుర్తించిన భాషలు ఏడు. బెంబా, న్యాంజా, టోంగా, లోజీ, లుండా, లువాలే, కావొండే. మనకు లుసాకాలో చెవినపడేది న్యాంజా కాబట్టి, ఎవరు ఏం మాట్లాడినా "లోకల్ లాంగ్వేజ్" అనేసి ఊరుకుంటాం. ఢిల్లీలో మనల్ని అందర్నీ కలిపి మద్రాసీ అంటే ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

సరే, నీళ్ళ సంగతికొస్తాను.

1950లలో ఇక్కడ రెండు రొడీషియాలు (ఇప్పటి జాంబియా, జింబాబ్వే), న్యాసాలాండ్ (ఇప్పటి మలావీ) కలిపి ఒక ఫెడరేషన్ నడిచేది, తెల్లవాళ్ళ పెత్తనంలో. ఉత్తరాన కాపర్‌బెల్ట్ రాగి గనులకు, దక్షిణాన ఫ్యాక్టరీలకు కరెంటు కావాలి. 1955లో జాంబెజి నది మీద, కరీబా అనే ఇరుకు లోయ దగ్గర ఆనకట్ట కట్టాలని తేల్చారు. 1956లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. డిజైను ఫ్రాన్సు ఇంజినీరు ఆంద్రే కోయిన్‌ది, కట్టింది ఇటలీ కంపెనీ. ఎత్తు 128 మీటర్లు. 1958 డిసెంబరులో నది మూశారు. 1960 మే నెలలో ఇంగ్లండు రాజమాత వచ్చి ప్రారంభించింది. సరస్సు పొడవు 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పట్టే నీళ్ళు మన లెక్కలో చెప్పాలంటే ఆరు వేల టీఎంసీల పైమాట. శ్రీశైలం నిండితే 216 టీఎంసీలు. అలాంటివి దాదాపు ముప్ఫై వేసుకోండి. మనుషులు కట్టిన జలాశయాల్లో, పట్టే నీళ్ళ లెక్కన, ప్రపంచంలో ఇదే పెద్దది.

ఆ లోయలో ఉన్నవాళ్ళు 57 వేల మంది. ఉత్తర ఒడ్డున 34 వేలు, దక్షిణ ఒడ్డున 23 వేలు. దాదాపు అందరూ టోంగాలే.

వాళ్ళకు నది సరిహద్దు కాదు. ఈ ఒడ్డున అన్న ఉంటే ఆ ఒడ్డున చెల్లెల్ని ఇచ్చేవాళ్ళు. చెట్టు తొలిచిన పడవలో అటూ ఇటూ పోయేవాళ్ళు. నది పొంగి తగ్గాక ఒడ్డున మిగిలే ఒండ్రు మట్టిలో వేసే తోటల్ని జెలెలె అంటారు. మనవైపు లంక పొలాలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వానలకు ఒక పంట, వరద తీశాక ఎండాకాలంలో ఇంకో పంట. జొన్న, సజ్జ, మొక్కజొన్న. పైన వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా నది ఒడ్డు కొంత పెట్టేది. డ్రైవరు "పొలాలు" అన్నది వీటినే. ఆ ఒండ్రు నేలకు ఎంత నష్టపరిహారం ఇస్తే సరిపోతుందో లెక్క కట్టగలిగినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఖాళీ చేయించడం కూడా ఒక పద్ధతిగా జరగలేదు. ముందు ఒక మట్టం చెప్పారు, ఆ లెక్కన ఎక్కడికి పోవాలో ఊళ్ళవాళ్ళు చూసుకున్నారు. తర్వాత ఆనకట్ట ఎత్తు పెంచారు. ముంపు పెరిగింది, పోవడానికి చూసుకున్న నేల తగ్గింది. దాంతో చీఫ్ చిపెపో జనంలో ఆరు వేల మందిని, ఆనకట్టకు కిందివైపు, వంద మైళ్ళ దూరంలో ఉన్న లుసితుకు పొమ్మన్నారు. అక్కడ వేరే చీఫ్ కింద వేరే జనం అప్పటికే ఉన్నారు. నేల చాలదు, నీళ్ళు బాగుండవు. చిసోమో ఊరివాళ్ళు "మేం కదలం" అన్నారు. 1958 సెప్టెంబరు 10న పోలీసులు తుపాకులతో దిగారు. వీళ్ళ చేతుల్లో ఈటెలు. కాల్పుల్లో 8 మంది చనిపోయారు, 30 మందికి పైగా గాయపడ్డారు. తర్వాత లారీలెక్కించి లుసితుకు తరలించారు. అక్కడికెళ్ళిన మరుసటి ఏడే ఆడవాళ్ళు, పిల్లలు వరసబెట్టి చనిపోయారు. తెలియని నేలలో తెలియని ఆకూ దుంపా తినడమే కారణమని తర్వాత అనుమానించారు.

లుసితు ఎక్కడో కాదు. మనం చిరుందు రోడ్డు వదిలి సియావొంగా వైపు తిరిగాక వచ్చే ప్రాంతమే. ప్రతిసారీ దాని మీదుగానే పోతాం. అప్పటికి బస్సులో అంత్యాక్షరి ఊపందుకుని ఉంటుంది.

దక్షిణ ఒడ్డు వాళ్ళది ఇంకో కథ. వాళ్ళను నదికి దూరంగా పైకి, బింగా వైపు ఎండు నేలల్లోకి తోలారు. ఏనుగులు, జబ్బులు అంటించే సెట్సీ ఈగలు, రాళ్ళు. "నీళ్ళు మీ వెంటే వస్తాయి" అని అధికారులు చెప్పారని అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. సరస్సు వచ్చింది, వాళ్ళ గడపదాకా నీళ్ళు రాలేదు. ఒకప్పుడు తెడ్డుతో దాటిన నది ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల వెడల్పు నీళ్ళయింది. 1965లో దక్షిణ రొడీషియా తెల్లవాళ్ళు సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక అది రెండు దేశాల మధ్య గట్టి సరిహద్దు అయింది. పెళ్ళిళ్ళు, చావులు, అన్నీ తెగిపోయాయి. అయినా జింబాబ్వే వైపు వాళ్ళు తమను బసిల్విజి అనే చెప్పుకుంటారు. నది మనుషులు అని. ఆ పేరుతోనే 2002లో ఒక సంస్థ పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి పక్కన పెడతాను. నీళ్ళు పెరుగుతున్నప్పుడు దీవుల్లో చిక్కుకున్న జంతువుల్ని కాపాడటానికి ఆపరేషన్ నోవా అని నడిపారు. ఆరు వేలకు పైగా జంతువుల్ని బయటకు తెచ్చారు. మంచి పనే. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఇప్పుడు కూడా కరీబా పేరుతో వెతికితే ముందు ఏనుగు కనిపిస్తుంది, మనిషి తర్వాత.

నాకెందుకింత పట్టింపు అంటారేమో. మా అవ్వది నందికొట్కూరు వైపు ఒక ముంపు ఊరు. 1981లో శ్రీశైలం బ్యాక్ వాటర్ కోసం ఇళ్ళు కూల్చినప్పుడు ఆమె దూలాలు, తలుపులు బండి మీద వేసుకుని వచ్చింది. ఆ తలుపు మా ఇంట్లో చాన్నాళ్ళు వాడకుండా గోడకు ఆనించి ఉండేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అప్పుడు మావాళ్ళు వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు. కరీబాలో ఆ అవకాశం కూడా లేదు. అక్కడ కరెంటు తీయడానికి కనీస మట్టం సముద్రమట్టానికి 475.5 మీటర్లు. నది ఒడ్డు ఊళ్ళు దానికి చాలా లోతున ఉన్నాయి. 2024లో అంత కరువొచ్చి, దేశమంతా విపత్తు ప్రకటించి, మన ఇళ్ళల్లో రోజుకు మూడు నాలుగు గంటలు కరెంటు ఉంటే పండగ అనుకున్నామే, అప్పుడు కూడా ఆ ఊళ్ళు తేలలేదు.

ఆ కరెంటు కోత రోజుల్లో మన గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఇన్వర్టరు ఎక్కడ దొరుకుతుంది, సోలార్ ఎవరు బిగిస్తారు, దోసెల పిండి పులిసిపోతోంది, ఎంత టెన్షన్ పడ్డామో! కరీబా నిండలేదని ఆ ఏడాది మనందరికీ నోటికొచ్చింది. సరస్సు కోసం ఊళ్ళు వదిలిన జనం చాలామందికి మాత్రం, ఆ ఆనకట్ట కట్టిన చాలా ఏళ్ళ వరకు కోత పడటానికి అసలు తీగే రాలేదు. కరెంటు తీగలు వాళ్ళ నెత్తి మీదుగా కాపర్‌బెల్ట్‌కు పోయాయి.

ఇంత చెప్పాక ఇంకో భయం. ఇది చదివి మీలో కొందరు ఈసారి బస్సులో పాత బట్టలు, బిస్కెట్ ప్యాకెట్లు వేసుకొస్తారు. దయచేసి వద్దు. లుసితులో దిగి పిల్లల్ని వరసలో నిలబెట్టి, బిస్కెట్లు పంచి, ఫోటో తీసి స్టేటస్ పెట్టే పని మనకొద్దు. టోంగాలు జాలిపడాల్సిన జనం కాదు. పీఠభూమి మీద ఆవుల మందలున్న రైతులు, దేశానికి మొక్కజొన్న పండించేవాళ్ళు. వాళ్ళలో లాయర్లున్నారు, లెక్చరర్లున్నారు. 2021లో గెలిచిన ప్రెసిడెంటు హకాయిండే హిచిలేమా టోంగా మనిషే. ఎన్నికలప్పుడు ఆ కులం, ఈ కులం అన్నట్టు ఇక్కడ తెగల పేరు మీద నడిచే మాటలు మనం కూడా డ్రాయింగ్ రూముల్లో తిప్పుతాం. అది కూడా మానేస్తే బాగుంటుంది. మనకెందుకండీ.

జాలి కాకపోతే మరేం చేయాలి? నాకు తెలిసింది, మాట కలపడం. దానికి నాలుగు మాటలు చాలు.

పొద్దున కనపడితే "మ్వబూక బూటి?" అనండి. ఎలా లేచారు అని దానర్థం. మా ఊళ్ళో పొద్దున్నే ఎదురుపడితే "లేచినారా?" అంటారు, దాదాపు అదే. మిగతా వేళల్లో "ములి బూటి?" అంటే చాలు, ఎలా ఉన్నారు అని. జవాబు "కబొటు". బాగున్నాం. ఏదైనా ఇస్తే "ట్వలుంబ", థాంక్స్ అన్నట్టు. చోమాలో మొదటి వారం నేను క్లాసులో "కబొటు" అనగానే పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. వాళ్ళు వెక్కిరించింది నా ఉచ్చారణను. చిటొంగాలో ఒక అక్షరాన్ని ఎత్తి పలకడమూ దించి పలకడమూ ఒకటి కాదు, అర్థం తేడా వస్తుంది. నాకు ఆరేళ్ళైనా పూర్తిగా పట్టుబడలేదు.

ఇంకో తమాషా. వాళ్ళకు "టాటా" అంటే నాన్న. మా అమ్మాయి చిన్నప్పుడు ఫోన్లో "తాతా" అని మా నాన్నతో మాట్లాడుతుంటే, పక్కింటి ఆమె, "పాపకు నాన్నంటే ఎంత ప్రాణమో" అంది. చాలాకాలం నేను సరిదిద్దలేదు.

వాళ్ళ చుట్టరికాలు విన్నాక నాకు ఇంటి మీద బెంగ కొంచెం తగ్గింది. టోంగాలకు వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ వంశాన్ని ముకోవా అంటారు. బిడ్డ తండ్రి ముకోవా కాదు, తల్లి ముకోవా. అందుకే మేనమామకు, అచిశ అంటారు ఆయన్ని, మాట చెల్లుతుంది. పాతకాలంలో మనిషి పోతే ఆస్తి కొడుక్కి కాదు, మేనల్లుడి వైపు పోయేది. భార్యాపిల్లలు రోడ్డున పడ్డ సందర్భాలూ ఉన్నాయి. 1989లో చట్టం వచ్చి వీలునామా లేని ఆస్తిలో పిల్లలకు సగం, భార్యకో భర్తకో ఐదో వంతు అని పెట్టింది. ఊళ్ళలో రెండు పద్ధతులూ ఇప్పటికీ కుస్తీ పడుతుంటాయి. పెళ్ళిలో మేనమామ లేకపోతే పీటలు కదలని మనకు ఆయన పెత్తనం కొత్తగా అనిపించదు. పెళ్ళిలో బుట్ట మోయడం దగ్గర మన మామయ్యలు ఆగిపోతారు, అక్కడైతే ఆయన అసలు ఇంటి పెద్ద.

మబిసి సంగతి మీ అందరికీ తెలుసు. షాప్‌రైట్‌లో ప్యాకెట్ కొని, తోడుకు వాడతాం, పెరుగు లేనప్పుడు అన్నంలో కలుపుకుంటాం. మనలో సగం మంది ఇళ్ళల్లో ఫ్రిజ్‌లో ఉంటుంది. అది టోంగా ఆవుల పాలు సొరకాయ బుర్రలో పోసి పులియబెట్టే పాత పద్ధతి నుంచి వచ్చింది. మన ఫ్రిజ్‌లోకి వాళ్ళు ఎప్పుడో వచ్చేశారు, మనమే వాళ్ళ వాకిట్లోకి పోలేదు. కరీబాలో మనం కొనే ఎండు కపెంటా కూడా, మన ఎండు నెత్తళ్ళు లాంటిది, ఆ నది చేప కాదు. 1967, 68లలో టాంగన్యికా సరస్సు నుంచి తెచ్చి వదిలారు. రాత్రి సరస్సు మీద వరసగా దీపాలు కనపడితే మనం "ఎంత బాగుందో" అంటామే, అవి కపెంటా పట్టే రిగ్గులవి.

డ్యామ్ దగ్గర గైడు చెప్పే న్యామిన్యామి కథ మీకందరికీ నోటికొచ్చు. చేప తల, పాము ఒళ్ళు ఉన్న నది దేవుడు, ఆనకట్ట వల్ల భార్యకు దూరమై, 1957, 1958లలో వరదలు తెచ్చాడని. ఆ రెండేళ్ళూ వరదలు నిజంగానే వచ్చాయి, కట్టుబడి కొట్టుకుపోయింది. పనిలో చనిపోయినవాళ్ళు 86 మంది దాకా. అవతలి ఒడ్డున కొండ మీద శాంటా బార్బరా గుడి వాళ్ళ గుర్తుగా కట్టిందే. కథ బాగుంటుంది, చేతికర్రలు బాగా అమ్ముడుపోతాయి. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఈ పాము కథ చెప్పుకోవడంతో టోంగాల దేవుడి సంగతి అయిపోయినట్టు అనుకుంటాం. వాళ్ళు రోజూ తలుచుకునేది చనిపోయిన పెద్దల్ని. మిజిమో అంటారు. వాన కోసం మొక్కే చోటు మలెండే. ఒక పెద్ద చెట్టో, చిన్న గుడిసో, ఒక మడుగో ఉంటుంది అక్కడ. నేలకు మొదట వచ్చిన కుటుంబం నుంచి సికటొంగో అనే ఆయన ఆ పనులు చూస్తాడు. ఊరు మునిగితే ఇల్లు ఇంకోచోట కట్టుకోవచ్చు. ఆ చెట్టును, ఆ మడుగును, ఆ సమాధుల్ని ఏ లారీలో ఎక్కిస్తారు? లుసితులో అప్పటికే వేరేవాళ్ళ మలెండే ఉన్నాయి, వేరేవాళ్ళ సికటొంగో ఉన్నాడు. మొక్కడానికి కూడా ఇంకొకరి అనుమతి కావాల్సి వచ్చింది.

ఈ సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఇద్దరు కారణం. ఎలిజబెత్ కోల్సన్, థేయర్ స్కడర్ అనే అమెరికా పరిశోధకులు. ముంపుకు ముందే, 1956లో, గ్వెంబె ఊళ్ళలోకి వచ్చారు. ముంపు చూశారు, తర్వాత కూడా దశాబ్దాల పాటు అవే కుటుంబాల దగ్గరికి తిరిగి వస్తూనే ఉన్నారు. నిర్వాసితుల మీద ప్రపంచంలో ఇంతకాలం నడిచిన పరిశీలనలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కోల్సన్ గారు చివరికి మోంజేలోనే ఇల్లు కట్టుకుని, 2016లో 99 ఏళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. చోమాలో ఉన్నప్పుడు ఒక్కసారి ఆ దారిన ఆగి కలవొచ్చు కదా అనుకుంటూనే కాలం గడిపేశాను. ఆ బాధ నాకుంది.

భాష విషయంలో రెండు ఒడ్లకూ తేడా ఉంది. ఇటువైపు చిటొంగాకు రేడియో, బడి ఎప్పటి నుంచో ఉన్నాయి. మోంజే దగ్గర చికూని అని 1905లో ఫాదర్ మొరో పెట్టిన మిషన్ ఉంది, అక్కడి నుంచి రేడియో చికూని చిటొంగాలోనే నడుస్తుంది. లివింగ్‌స్టన్ దారిలో ఒకసారి ట్యూన్ చేసి వినండి, పాటలు భలే ఉంటాయి. అటువైపు జింబాబ్వేలో మాత్రం పిల్లలు చాలాకాలం షోనాలోనో ఎండెబెలేలోనో చదవాల్సి వచ్చింది. టోంగా టీచర్లు, చీఫులు, తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగితే, 2011లో మొదటిసారి ఏడో తరగతిలో చిటొంగా పరీక్ష పెట్టారు. 2013 రాజ్యాంగం గుర్తించిన 16 భాషల్లో టోంగా ఒకటి. సొంత భాషలో ఒక ప్రశ్నపత్రం రావడం కోసం అన్నేళ్ళు! మన పిల్లలు తెలుగు చదవడం, రాయడం మర్చిపోతున్నారని ప్రతి ఉగాదికీ మైకు పట్టుకుని బాధపడే మనం ఆ బింగావాళ్ళ దగ్గర కూర్చుని ఒక పూట మాట్లాడితే పనికొచ్చేది దొరుకుతుందని నా నమ్మకం.

వాళ్ళ సంగీతం ఒక్కసారైనా నేరుగా వినాలి. లోయలో చావు దగ్గర ఎంగోమా బుంటీబే అని వాయిస్తారు. జింక కొమ్ములతో చేసిన బూరలుంటాయి, వాటిని న్యేలే అంటారు. ఒక్కో బూర ఒక్క స్వరమే పలుకుతుంది. కాబట్టి ఒక్కడే వాయిస్తే పాట లేదు. పదీ ఇరవైమంది తమ వంతు రాగానే తమ ఒక్క స్వరం ఊదుతూ, డప్పుల మధ్య దుమ్ము రేగేలా నడుస్తూ తిరుగుతుంటే, స్వరాలన్నీ అతుక్కుని పాటవుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు గోలగా అనిపించింది, అబద్ధం చెప్పను. రెండో రాత్రికి ఎవరి కొమ్ము ఎక్కడ పలుకుతుందో తెలిసింది, ఇక నిద్ర పట్టలేదు. లోయవాళ్ళదే ఇంకో నాట్యం, బుడీమా, 2020లో యునెస్కో జాబితాలో చేరింది.

ఇప్పుడు ట్రిప్పు సంగతి. నేను అడిగేవి పెద్దవి కావు.

వెళ్ళేటప్పుడు లుసితులో ఒక గంట ఆగుదాం. రోడ్డు పక్క అమ్మేవాళ్ళ దగ్గర ఏముంటే అది, బేరమాడి అయినా సరే, కొనుక్కుందాం. ఫోటో తీసేముందు అడుగుదాం. డ్యామ్ దగ్గర పిల్లలకు ఎత్తూ పొడవూ చెప్పేటప్పుడు 57 వేలు అన్న లెక్క కూడా చెప్పండి, చిసోమో పేరు చెప్పండి. ఏడేళ్ళ పిల్లవాడికి అర్థమవుతుంది, వాడే కదా అడిగింది. మన మెసేజ్‌లో "ప్రశాంతమైన, జనసంచారం లేని సరస్సు" అని రాశారు. ఆ ముక్క తీసేయండి.

లివింగ్‌స్టన్ వెళ్ళినప్పుడు చోమా మ్యూజియం దగ్గర ఆగండి. రోడ్డు మీదే ఉంది. అక్కడ టోంగాల బుట్టలు, పూసల పని, లోయ ఆడవాళ్ళు పొగ తాగే సొరబుర్ర గొట్టాలు ఉన్నాయి. ఆ గొట్టాన్ని ఎంచెల్వా అంటారు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది కాబట్టి నాకు ఆ ఆడవాళ్ళను చూస్తే ఏమీ వింతగా అనిపించలేదు. విక్టోరియా జలపాతం దగ్గర అందరూ మోసి ఓవా టున్యా అన్న పేరే చెబుతారు. అది తర్వాత వచ్చిన కొలోలో అనే జనం మాట. అక్కడ ముందు నుంచి ఉన్న టోంగా మాట మాట్లాడే జనం పెట్టుకున్న పేరు షుంగు నముటిటిమా. పిల్లలకు ఆ పేరూ నేర్పండి. పలకడానికి భలే ఉంటుంది.

ఇంకొకటి, ఇది మీరు ఒప్పుకుంటారో లేదో. జులై సెలవుల ఆ రోజుల్లోనే మోంజే దగ్గర ల్వీండి గొండే జరుగుతుంది. పంట చేతికొచ్చాక చీఫ్ మోంజే జనం పెద్దలకు కృతజ్ఞత చెప్పుకునే పండుగ. మనకు సంక్రాంతి లాంటిదనుకోండి. నాలుగు రోజుల్లో ఒక రోజు సియావొంగా నుంచి మిగిల్చుకుంటే అది చూడొచ్చు. క్రికెట్ మ్యాచ్ ఒకటి తగ్గుతుంది. ఓట్లు పెట్టండి, నా ఓటు మోంజేకే.

లుసితులో ఆగే విషయం డ్రైవరుతో నేనే మాట్లాడాను. "ఆపుతాను, అక్కడ మా పిన్ని ఉంది" అన్నాడు. ఆమెకు కబురు పెడతానన్నాడు. వచ్చేవాళ్ళు ఎంతమందో ముందే చెప్పమన్నాడు, వాళ్ళు నీళ్ళు దూరం నుంచి తెచ్చుకోవాలట. కాబట్టి మన మంచినీళ్ళు మనమే తీసుకెళ్దాం, నాలుగు క్యాన్లు ఎక్కువే వేసుకుందాం. పేర్లు శుక్రవారం లోపు ఇవ్వండి.

మీ
లుసాకా టీచరు